హెచ్‌ఐవీతో జీవనం, క్షమ

హెచ్‌ఐవీ సోకిందని తెలిసిన రోజు నుంచి మనిషిని వేధించేది వైరస్ ఒక్కటే కాదు. ఎవరి వల్ల వచ్చిందన్న కోపం, నలుగురికీ తెలిస్తే ఏమంటారోనన్న భయం, సిగ్గు దానికి తోడవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో భర్త ద్వారా వైరస్ సోకిన స్త్రీలు ఎందరో ఉన్నారు. గర్భిణిగా చేయించుకున్న పరీక్షలోనో, భర్త మంచాన పడ్డాకో వారికి సంగతి తెలుస్తుంది. భర్త పోయాక నింద కోడలి మీదే వేసి, ఆస్తిలో వాటా ఇవ్వకుండా పుట్టింటికి పంపేసిన కుటుంబాలూ ఉన్నాయి. ఆమె క్షమించాల్సింది చనిపోయిన భర్తనా, బతికున్న అత్తమామలనా?

క్షమ గురించి శాస్త్రీయంగా పరిశోధించిన తొలితరం వారిలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఎన్‌రైట్ ఒకరు. ఆయన చెప్పిన క్రమంలో మొదటి మెట్టు క్షమించడం కాదు. తగిలిన గాయాన్ని, దాని వెనక ఉన్న కోపాన్ని దాచకుండా ఒప్పుకోవడం. నిర్ణయం, సాధన ఆ తర్వాతే. పగ తీర్చుకోనని నిర్ణయించుకోవడం వేరు, మనసులోని కోపం కరగడం వేరు అని మరో పరిశోధకుడు ఎవరెట్ వర్తింగ్టన్ విడదీసి చూపారు. మొదటిది ఒక్క పూటలో జరగొచ్చు, రెండోదానికి ఏళ్లు పట్టొచ్చు. క్షమించడమంటే జరిగింది తప్పు కాదనడం కాదని, హింసించినవారి దగ్గరికి తిరిగి వెళ్లడం అంతకన్నా కాదని ఇద్దరూ చెప్పారు.

క్షమ వైరస్‌ను తగ్గించదు. ఆ పని ఏఆర్‌టీ (యాంటీరెట్రోవైరల్ థెరపీ) మందులది. 2004 ఏప్రిల్ 1 నుంచి భారత ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తోంది. అయితే ఆ మాత్రలు జీవితాంతం రోజూ వేసుకోవాలి. కోపంతో, దిగులుతో నిద్ర చెడిన మనిషి మాత్రలు మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగని రకంగా కూడా మారొచ్చు. మనశ్శాంతికి, చికిత్సకు ఉన్న ముడి ఇక్కడే ఉంది. క్షమించగలిగినవారిలో దిగులు తక్కువగా కనిపిస్తుంది. కానీ క్షమ వల్ల దిగులు తగ్గిందా, దిగులు తక్కువ కాబట్టి క్షమించగలిగారా అన్నది అంత సులువుగా తేలదు.

అన్నిటికన్నా కష్టమైనది తనను తాను క్షమించుకోవడం. పుట్టుకతో వైరస్ సోకిన బిడ్డ విషయంలో ఆ మాటే తప్పు. ఆ బిడ్డ చేసిన నేరం ఏదీ లేదు, పోవాల్సింది లోకం మోపిన సిగ్గు. భార్యకు వైరస్ అంటించిన భర్త సంగతి వేరు. నిజం చెప్పి, ఆమెకూ పిల్లలకూ పరీక్ష చేయించి, తాను క్రమం తప్పకుండా మందులు వాడితేనే అతని పశ్చాత్తాపానికి అర్థం ఉంటుంది. చికిత్సతో రక్తంలోని వైరస్ మోతాదు (వైరల్ లోడ్) పరీక్షలో కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిస్తే లైంగికంగా మరొకరికి వైరస్ సోకదు. తన ఒళ్లే ఇతరులకు ప్రమాదమని కుమిలిపోయేవారికి ఈ ఒక్క నిజం ఎంత ఊరటో చెప్పలేం.

వివక్షను బాధితులు క్షమించాలని కోరే హక్కు మాత్రం ఎవరికీ లేదు. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్ని, ఉద్యోగం నుంచి అన్యాయంగా తీసేయడాన్ని, అనుమతి లేకుండా సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. మనసులో కోపం వదులుకున్న మనిషి కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆ రెండింటికీ వైరుధ్యం లేదు.

అందుకే కొత్తగా పట్టా అందుకుంటున్న వైద్యులు, నర్సులు, కౌన్సెలర్లు క్షమను మందుచీటీ మీద రాయకూడదు. ముందు రోగి కోపాన్ని ఓపికగా వినాలి, వివరాలు గోప్యంగా ఉంచాలి, పక్క మంచం రోగిని ముట్టుకున్నట్టే ఈ రోగినీ ముట్టుకోవాలి.