ఉక్కుపై ఆమ్లము తేల్చిన గీతలు

వంశధార యొడ్డున శ్రీముఖలింగములో నైనను, మరి యే యూరనైనను, తుప్పు పట్టిన కత్తిని చింతపండుతో తోముట మన మెరిగినదే. ఆ పులుపు ఆమ్లమే.

ఉక్కులో మెత్తని ఇనుముతోపాటు, మూడు ఇనుప పరమాణువులకు ఒక కర్బన పరమాణువు చొప్పున కూడిన గట్టి కార్బైడు కలదు. పలుచని నత్రికామ్లము ముందుగా ఇనుమును తిని నల్లబరచును. కార్బైడు తెల్లని గీతలై నిలుచును. ఒకప్పుడు పారశీక వర్తకులు కొనిపోయిన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము ఉక్కు ఇట్టిదే. ఆ జాతి కత్తులపై అలల వంటి గీతలు ఆమ్లము సోకగనే తేలెడివి.

వేడి గాఢ హైడ్రోక్లోరికామ్లమున కార్బైడు సయితము విచ్ఛిన్నమగును; దాని కర్బనము ఉదజనితో కూడి దుర్గంధ వాయువులై వెడలును.

కావున తాతలనాటి కత్తిని, తుప్పు వదలుటకై ఆమ్లమున నానవేయవలదని మనవి చేయుచున్నాము. తుప్పుతోపాటు, పుట్టుక తెలుపు గీతలును పోవును.