గుడ్డ ఆలస్యం వాళ్ళది, కోత మాకా?

బడులు తెరిచేలోగా యూనిఫారాలు కుట్టిస్తామని మా కుట్టు సంఘం ఒప్పుకుంది. గుడ్డ ఇస్తామన్నవాళ్ళే ఇరవై రోజులు ఆలస్యంగా ఇచ్చారు. గడువు మాత్రం జరపలేదు. రాత్రిళ్ళు పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని కుట్టాం. అయినా ఆలస్యమైందని కూలిలో కోత పెట్టారు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం (అవును, అంత పాతదే!) 67వ సెక్షన్ చదివించుకున్నాం. పని అప్పగించినవాళ్ళు దానికి కావలసిన వీలు కల్పించకపోతే, అందువల్ల పని కానందుకు చేసేవాళ్ళు బాధ్యులు కారు. చట్టం మా పక్షానే ఉంది, రుజువే లేదు. గుడ్డ ఏ రోజు దిగిందో ఎవరమూ రాసుకోలేదు!

ఇప్పుడు తాను దిగగానే పుస్తకంలో తేదీ వేసి, తెచ్చినతని సంతకం తీసుకుంటున్నాం. పెట్టనంటే ఆ రోజే వాళ్ళకు ఉత్తరం రాసి, పోస్టు రసీదు దాస్తున్నాం. పాత కోత డబ్బు ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం.