వస్తు బహిష్కరణ: దాని బలం, మన బాధ్యత

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి విని అలసిపోయి ఉన్నారు. భోజనాల వేళ కూడా దగ్గర పడుతోంది. కనుక కార్యదర్శిగారు నాకిచ్చిన సమయాన్ని దాటకుండా ముగిస్తానని ముందే మాట ఇస్తున్నాను.

మధ్యాహ్నం సమావేశంలో మన ముందుకు ఒక తీర్మానం రాబోతోంది. ఒక దేశపు ప్రభుత్వం చేస్తున్న పనులకు నిరసనగా ఆ దేశపు వస్తువులను మన సభ్యులు, వారి కుటుంబాలు కొనరాదన్నది దాని సారాంశం. ఆ దేశం తప్పొప్పుల జోలికి నేను పోను. దాని మీద మాట్లాడేవారు వేరే ఉన్నారు. నేను మాట్లాడదలచింది మనం చేతికి తీసుకోబోతున్న ఆయుధం గురించి. అది పదునైనదే. అయితే ఎటు తెగుతుందో చూసుకోకుండా తిప్పితే పక్కవాడికి తగులుతుంది. ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది.

కొన్నేళ్ల క్రితం ఒక దీపావళికి ముందు, ఫలానా దేశపు సీరియల్ లైట్లు కొనవద్దంటూ నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఆవేశంతో నలభై యాభై మందికి పంపాను. మా వీధి చివర ఒక చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. దాని యజమాని రెండు నెలల ముందే అప్పు చేసి, డబ్బు మొత్తం కట్టి సరుకు తెచ్చుకున్నాడు. మా కాలనీ వాళ్లెవరూ కొనలేదు. పండగ వెళ్లాక కనబడి, "మాస్టారూ, ఆ కంపెనీ వాడి డబ్బు వాడికి ఎప్పుడో ముట్టింది. మునిగింది నేనే" అన్నాడు. నాకు సమాధానం దొరకలేదు. ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికినవన్నీ చదువుతూ వచ్చాను. చదివిన దాంట్లో కొంత మీతో పంచుకుంటాను.

'బాయ్‌కాట్' అనేది నిజానికి ఒక మనిషి ఇంటిపేరు. ఐర్లాండులో మేయో జిల్లాలో ఒక జమీందారు దగ్గర ఏజెంటుగా ఉన్న కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ 1880లో శిస్తు తగ్గించమన్న కౌలురైతులను భూముల నుంచి వెళ్లగొట్టబోయాడు. రైతులు కర్ర ఎత్తలేదు. ఆయన పొలంలో పని మానేశారు. దుకాణాల్లో ఆయనకు సరుకు అమ్మడం మానేశారు. పంట తీయడానికి బయటి నుంచి ఓ యాభై మందిని, వారి కాపలాకు సైన్యాన్ని దింపవలసి వచ్చింది. పంట విలువ కంటే ఆ కాపలా ఖర్చే ఎన్నో రెట్లు ఎక్కువయింది. మన సంగతికొస్తే, 1905లో వంగ విభజనకు నిరసనగా కలకత్తా టౌన్‌హాలులో విదేశీ వస్తు బహిష్కరణ తీర్మానం జరిగింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి చేసిన ఉపన్యాసాలు మన ప్రాంతంలో ఆ నిప్పును రాజేశాయి.

అయితే ఒక దేశ ప్రజల కష్టానికి మరో దేశపు వినియోగదారులు స్పందించి, దశాబ్దాల పాటు నిలబడి ఫలితం చూసిన ఘట్టం ఏదంటే దక్షిణాఫ్రికాదే. అక్కడితో మనకు చుట్టరికం కూడా ఉంది. 1860లో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ ఒప్పంద కూలీలను డర్బనుకు చేర్చింది. ఆ తరువాత యాభై ఏళ్లలో నటాల్ చెరకు తోటలకు వెళ్లిన వేలమందిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వారి సంతతివారు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు.

అక్కడి భారతీయుల భూమి హక్కులను హరించే చట్టం 1946లో వచ్చింది. అదే సంవత్సరం భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారాన్ని నిషేధించింది. అలా చేసిన మొదటి దేశం మనదే. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం కూడా రాలేదు. ఆ రోజుల్లో మన ఎగుమతుల్లో సుమారు 5 శాతం ఆ దేశానికే వెళ్లేవి. అంత వ్యాపారాన్ని వదులుకున్నాం. తరువాతి కాలంలో, 1974లో, డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్స్‌కు చేరి కూడా ఎదురుగా ఉన్నది దక్షిణాఫ్రికా కాబట్టి ఆడకుండా కప్పు వదిలేశాం. ఆనాడు రేడియో ముందు కూర్చుని బాధపడ్డవాళ్లు ఈ సభలో కొందరైనా ఉండి ఉంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. బహిష్కరణను మొదట ఆచరించింది బయటివారు కాదు, ఆ బాధలు పడుతున్న నల్లవారే. 1957 జనవరిలో జొహాన్నెస్‌బర్గ్ దగ్గర అలెగ్జాండ్రా బస్తీకి నడిచే బస్సుల ఛార్జీ 4 పెన్నీల నుంచి 5 పెన్నీలకు పెంచారు. ఒక్క పెన్నీ. కానీ కూలి డబ్బుతో బతికేవారికి అది పెద్ద మొత్తమే. జనం బస్సు ఎక్కడం మానేశారు. పనికి రానూ పోనూ రోజుకు దాదాపు ముప్పై కిలోమీటర్లు నడిచారు. వారాలు కాదు, నెలలు నడిచారు. చివరికి పాత ఛార్జీ తిరిగి వచ్చింది. 1959లో బంగాళాదుంపల బహిష్కరణ జరిగింది. పొలాల్లో నల్ల కూలీలను బానిసల్లా చూసి పండించిన దుంప మాకు వద్దన్నారు. దుంపకూర పేదవాడి కంచంలో రోజూ ఉండేదే. తమ కంచంలోంచి తామే తీసేసుకున్నారు.

ఆ తరువాతే వారు ప్రపంచాన్ని అడిగారు. ఆల్బర్ట్ లుతులీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు, తరువాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవారు. ఆయన, అక్కడి ఇండియన్ కాంగ్రెస్ నాయకుడు డాక్టర్ నాయకర్ తదితరులు కలిసి, మా దేశపు వస్తువులు కొనకండి అని బ్రిటన్ ప్రజలకు విజ్ఞప్తి చేశారు. లండనులో 1959 జూన్ 26న మొదలైన బహిష్కరణ ఉద్యమం, 1960 మార్చిలో షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పుల్లో 69 మంది మరణించాక వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమంగా స్థిరపడింది.

ఇప్పుడు మళ్లీ ఐర్లాండు వెళదాం. 1984 జూలై 19. డబ్లిన్ నగరంలో డన్స్ స్టోర్స్ అనే పెద్ద దుకాణం. క్యాష్ కౌంటర్లో మేరీ మానింగ్ అనే 21 ఏళ్ల అమ్మాయి. ఒక కొనుగోలుదారు రెండు గ్రేప్‌ఫ్రూట్లు తెచ్చి పెట్టారు. మన బత్తాయి జాతి పండు. దాని మీద 'ఔట్‌స్పాన్' ముద్ర ఉంది. అంటే దక్షిణాఫ్రికా సరుకు. ఆ దేశపు సరుకును ముట్టరాదని వారి యూనియన్ తీర్మానం చేసి ఉంది. "క్షమించండి, వీటికి నేను బిల్లు వేయలేను" అన్నది ఆ అమ్మాయి. అక్కడికక్కడే సస్పెండ్ చేశారు. ఆమెతోపాటు మరో పది మంది దాకా బయటికి నడిచారు.

ఆ పిల్లలకు అప్పటికి దక్షిణాఫ్రికా గురించి పెద్దగా తెలియదు. యూనియన్ మాట పాటించారంతే. తరువాత ఆ దేశం నుంచి ప్రవాసం వచ్చిన నిమ్రోద్ సెజాకే అనే పెద్దమనిషి వారి పికెట్ దగ్గరికి వచ్చి నిలబడి, అక్కడి సంగతులు చెప్పాడు. నాలుగు రోజుల్లో ముగుస్తుందనుకున్న సమ్మె మూడేళ్లకు దగ్గరగా సాగింది. వారానికి 21 పౌండ్ల సమ్మె భత్యంతో ఎండా వానా లెక్కచేయక నిలబడ్డారు. 1985లో స్వయంగా చూద్దామని దక్షిణాఫ్రికా వెళితే విమానాశ్రయం నుంచే వెనక్కి పంపించారు. చివరకు 1987లో ఐర్లాండు ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతిని నిషేధించింది. 1990లో జైలు నుంచి విడుదలై డబ్లిన్ వచ్చిన నెల్సన్ మండేలా వారిని కలుసుకున్నారు.

మనం సర్వీసులో ఉండగా సమ్మెలు చేసినవాళ్లం. జీతం కోతలు, బ్రేక్ ఇన్ సర్వీసులు ఎరిగినవాళ్లం. కాని మన డి.ఎ. కోసం, మన పే స్కేలు కోసం చేశాం. అది తప్పు కాదు. ఎన్నడూ చూడని మనిషి కోసం మూడేళ్లు జీతం వదులుకున్న ఆ క్యాషియర్ల ముందు మాత్రం నేను తలవంచుతాను.

ఒక చోట పండు, మరో చోట బ్యాంకు. బ్రిటన్‌లో విద్యార్థులు బార్‌క్లేస్ బ్యాంకులో ఖాతాలు తెరవడం మానేశారు. విద్యార్థి ఖాతాల్లో ఆ బ్యాంకు వాటా 27 శాతం నుంచి 15 శాతానికి పడిపోయింది. 1986లో ఆ బ్యాంకు దక్షిణాఫ్రికా నుంచి తప్పుకుంది. మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఒకటుంది. ఆ ఏడే కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసి, దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే కంపెనీల్లో ఉన్న ఉద్యోగుల పింఛను నిధుల సొమ్మును వెనక్కి తీయించింది. అంటే పింఛను డబ్బు కూడా ఆ పోరాటంలో పాల్గొన్నదన్నమాట.

దీనంతటి వల్లనే వర్ణవివక్ష కూలిపోయిందా అంటే, అవునని నేను చెప్పను. చెబితే అతిశయోక్తి అవుతుంది. అసలు పోరాటం ఆ దేశపు వీధుల్లో, గనుల్లో, జైళ్లలో జరిగింది. 1985లో పెద్ద విదేశీ బ్యాంకులు అప్పులు పొడిగించమనేసరికి వారి కరెన్సీ కుప్పకూలింది. అది దుకాణంలో పండు కొనకపోవడం కంటే పెద్ద దెబ్బ. ప్రచ్ఛన్నయుద్ధం ముగియడం కూడా ఒక కారణం. కాని ఆ బ్యాంకర్లకు, ఆ చట్టసభల సభ్యులకు అంతకుముందే పాతికేళ్లపాటు ఈ సంగతి గుర్తుచేస్తూ వచ్చింది ఎవరంటే ఆ పండు కొననివాళ్లే. ఆంక్షల వల్ల నల్లవారి ఉద్యోగాలే పోతాయని వాదించినవారూ ఉన్నారు. వర్ణవివక్షను జీవితమంతా ఎదిరించిన హెలెన్ సుజ్‌మన్ వంటివారు కూడా అలా అన్నారు. ఆ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఇక ఫలించని బహిష్కరణలు ఎన్నో ఉన్నాయి. 2003లో ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్స్ వ్యతిరేకించిందని అమెరికాలో కొందరు ఫ్రెంచి వైన్ పారబోశారు. ఫ్రాన్స్ తన విధానం మార్చుకోలేదు. 2020లో గల్వాన్ ఘర్షణ తరువాత మన దగ్గర చైనా వస్తువులు కొనవద్దని ఎన్ని పిలుపులు వచ్చాయో మీకు తెలుసు. 2021లో చైనా నుంచి మన దిగుమతులు పెరిగాయే గాని తగ్గలేదు. మందుల ముడిసరుకు నుంచి ఫోను విడిభాగాల దాకా అక్కడి నుంచి వస్తుంటే, దీపావళి లైట్లు మానినంత మాత్రాన ఏమవుతుంది?

కనుక మధ్యాహ్నం చెయ్యి ఎత్తేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా మనవి.

మొదటిది, బాధితులు మనను అడిగారా? దక్షిణాఫ్రికా విషయంలో అడిగినవారు లుతులీ వంటివారు. కష్టం మాకూ కలుగుతుందని తెలిసే అడిగారు. ఇతరుల తరఫున వారి నష్టాన్ని మనం నిర్ణయించే హక్కు మనకు లేదు.

రెండవది, ఏ వస్తువు, ఏ కోరిక, ఎప్పటిదాకా? డబ్లిన్‌లో అది ఒక ముద్ర ఉన్న పండు. కోరిక స్పష్టం. ముగింపు కూడా స్పష్టమే. 1993 సెప్టెంబరులో మండేలా ఐక్యరాజ్యసమితికి వచ్చి, ఇక ఆర్థిక ఆంక్షలు ఎత్తివేయండి అని కోరారు. ఎత్తివేశారు. పెట్టమన్నవారే తీయమన్నారు. ముగింపు లేని బహిష్కరణ నిరసన కాదు, పగ.

మూడవది, నష్టం ఎవరిది? అలెగ్జాండ్రా జనం తమ కాళ్లు నొప్పి పెట్టుకున్నారు. డబ్లిన్ పిల్లలు తమ జీతం పోగొట్టుకున్నారు. నేను మాత్రం ఆ దీపావళికి ఏమీ పోగొట్టుకోలేదు. పోగొట్టుకున్నది మా వీధి షాపు మనిషి. మన త్యాగం మరొకడి జేబులోంచి జరిగితే దానికి త్యాగమని పేరు పెట్టుకోకూడదు.

తీర్మానం వద్దని నేను అనడం లేదు. వయసు మళ్లినంత మాత్రాన లోకం బాధ మనకెందుకు అనుకునేవాళ్లం కాము. పేరు పేరునా ఏ వస్తువో, ఏ కోరిక నెరవేరేదాకానో అందులో రాయండి. ఇప్పటికే డబ్బు కట్టి సరుకు తెచ్చుకున్న చిన్న వ్యాపారికి గడువు ఇవ్వండి. చేతులెత్తినవారు ఏడాది తరువాత ఇదే సభలో నిలబడి, నేను ఇన్నాళ్లు పాటించాను అని చెప్పగలగాలి. అలా చెప్పగలిగేవారు పదిమందే ఉన్నా చాలు. డబ్లిన్‌లో మొదట ఉన్నదీ ఇంచుమించు అంతమందే.

ఆ సంక్రాంతికి మా షాపు మనిషి దగ్గరికి వెళ్లి, మిగిలిపోయిన లైట్లలో రెండు సెట్లు కొన్నాను. ఆయన నవ్వి, "ఇప్పుడు బహిష్కరణ లేదా మాస్టారూ?" అని అడిగాడు. "ఉంది, ఆలోచించకుండా సందేశాలు పంపడాన్ని బహిష్కరించాను" అన్నాను.