గుండెకు శ్రమపరీక్ష

మా వడమాలపేట తిరుపతి నుండి పుత్తూరు పోవు మార్గమున నున్నది. మ్రొక్కు చెల్లించుటకు కాలినడకను కొండ యెక్కుట మా ప్రాంతమువారికి తరతరాల ఆచారము. అలిపిరి దారిలో 3,550 మెట్లు. శ్రీవారిమెట్టు దారిలో 2,388. ఇంట కూర్చున్నంతసేపు ఏ బాధయు నెరుగని మనిషి నాలుగువందల మెట్లెక్కునప్పటికి రొమ్ము పట్టివేసినట్లై చతికిలబడును. రెండు నిమిషములు విశ్రమింపగనే నొప్పి తగ్గును. 'వాయువు పట్టినది' అని సోడా త్రాగి మరల నడక సాగించును. మా భయమంతయు ఆ సోడాను గురించియే.

గుండె దేహమంతటికిని రక్తము పంపుచున్నను, తన కండరమునకు కావలసిన రక్తమును ప్రత్యేకధమనుల ద్వారా పొందును. ఇవియే కరోనరీ ధమనులు. వీని గోడలలో కొవ్వు పేరుకొనిన దారి ఇరుకగును. చెరువు తూము సగము పూడినను ఒక మడికి నీరు చాలును. ఆయకట్టంతయు ఒక్కసారి నీరడిగిననాడు పూడిక బయటపడును. గుండె సంగతియు నంతే. తీవ్రశ్రమలో దానికి నాలుగైదు రెట్లు రక్తము కావలయును. కనుక పరుండబెట్టి తీసిన ఈసీజీ నిర్దోషముగా నున్నంత మాత్రమున ధమనులు బాగున్నవని చెప్పరాదు. గుండెను పనిలో నుండగా పరీక్షింపవలెను.

ఈ పరీక్ష మొదట మెట్లతోనే ఆరంభమైనది. 1929లో న్యూయార్కు వైద్యుడు ఆర్థర్ మాస్టరు, ఓపెన్‌హైమరుతో కలిసి, 9 అంగుళముల యెత్తు గల రెండు మెట్లను రోగిచే ఎక్కించి దింపించి, నాడిని, రక్తపు పోటును కొలిచెను. ఈసీజీ తరువాత చేరినది. 1963లో సియాటిల్ వైద్యుడు రాబర్ట్ బ్రూస్ ట్రెడ్‌మిల్లుపై నడిపించు క్రమమును ప్రకటించెను. నడక గంటకు 2.7 కిలోమీటర్ల వేగముతో, నూటికి 10 వంతుల వాలుతో మొదలగును. 3 నిమిషముల కొకసారి వేగమును వాలును పెరుగును. 220 నుండి వయస్సును తీసివేసిన వచ్చు సంఖ్యలో 85 శాతమునకు నాడి చేరుట సామాన్యముగా గమ్యము. ఏబదియేండ్లవానికి అది నిమిషమునకు సుమారు 145. ఈసీజీ గీతలో ఎస్.టి. భాగము ఒక మిల్లీమీటరు, అంతకు మించి క్రిందికి దిగినచో రక్తము చాలుట లేదని అనుమానింతురు. నడువలేనివారికి మందుతో గుండెను ప్రేరేపించి చేయు పరీక్ష లున్నవి.

అయినను ఇది అభయపత్రము కాదు. వ్యాధి యున్న నూర్గురిలో రమారమి డెబ్బదిమందిని మాత్రమే పట్టుకొనగలదు. లేనివారిలో కొందరికి లేని అనుమానమును కలిగించును. అంతగా ఇరుకుగాని ధమనిలో సైతము కొవ్వుపొర పగిలి, రక్తము గడ్డకట్టి, గుండెపోటు రావచ్చును. అందుచే వయస్సు, పొగత్రాగు అలవాటు, మధుమేహము, రక్తపు పోటు వీనినన్నింటిని కలిపి చూచియే వైద్యుడు ఫలితమును నిర్ణయించును.

ఒక హెచ్చరిక. విశ్రాంతిగా నున్నప్పుడు రొమ్ములో నొప్పి వచ్చి, చెమటలు పట్టి, తగ్గకున్నచో అది శ్రమపరీక్షకు సమయము కాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. పరీక్షగదిలో వైద్యుడు గీతను కనిపెట్టి చూచుచుండును. ప్రమాదము తోచిన యంత్రము నాపును. మందులు చేరువలో నుండును. కొండదారిలో నాలుగువందలవ మెట్టుపై మన గీతను చూచువా రెవరు? 2024లో తిరుమల తిరుపతి దేవస్థానము సైతము వృద్ధులను, దీర్ఘవ్యాధులు గలవారిని కాలినడకను రావలదని కోరినది.

నడుచునప్పుడు వచ్చి, నిలిచినంతనే తగ్గు నొప్పి గలవారు ముందుగా వైద్యునికి చూపించుకొనవలెను. మ్రొక్కును కొన్నాళ్లు ఆపుకొనినంత మాత్రమున అపచారము లేదు. కొండ ఎక్కడికిని పోదు. మనము మిగిలియుండుటయే ముఖ్యము.