మత సంస్కరణ పాఠం – మన తరగతి గది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీకిష్టమైన విషయం మీద పది నిమిషాలు మాట్లాడండి సార్ అని కమిటీ వాళ్లు అడిగారు. సోషల్ సారుకు పది నిమిషాలంటే హాజరు పిలవడానికే సరిపోతాయి. అందుకని ఒక్క పాఠం గురించే చెబుతాను. అది ఐరోపా మత సంస్కరణోద్యమం. పుస్తకంలో చిన్న పాఠం, పరీక్షలో చిన్న ప్రశ్న. కానీ నేను చెప్పిన పాఠాలన్నింటిలో ఎక్కువ భయంతో, ఎక్కువ ఇష్టంతో చెప్పింది ఇదే.

భయం ఎందుకంటే, మన వరంగల్లులో ఇది పరాయి దేశపు ముచ్చట కాదు. ఒకే బెంచీ మీద ఫాతిమానగర్ నుంచి వచ్చే కేథలిక్ పిల్ల, హన్మకొండ బాప్టిస్టు కుటుంబం పిల్లవాడు, డోర్నకల్ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సి.ఎస్.ఐ. పిల్లవాడు కూర్చునేవాళ్లు. చుట్టూ హిందూ, ముస్లిం పిల్లలు. ఒక ఏడాది లూథర్ పేరు బోర్డు మీద రాసి, పాప పరిహార పత్రాల అమ్మకం గురించి చెబుతున్నాను. ఒక అమ్మాయి లేచి, "సార్, అయితే మా ఫాదర్లు పైసలు తీసుకుని పాపాలు మాఫీ చేసినోళ్లా?" అంది. వెనక బెంచీల్లో నవ్వు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. ఆ నవ్వు అక్కడ ఆగకపోతే గంట కొట్టాక మైదానంలోకి, అక్కడి నుంచి వాడల్లోకి పోతుంది.

అందుకే ఈ పాఠంలో వివరం ముఖ్యం. ఆ పత్రం పాపాన్ని క్షమిస్తుందని కేథలిక్ సభ సిద్ధాంతం చెప్పలేదు. పాప సంకీర్తనం తర్వాత కూడా మిగిలే శిక్షను తగ్గిస్తుందని చెప్పింది. టెట్జెల్ వంటివాళ్లు ఊరూరా తిరిగి దాన్ని సంత సరుకు చేశారు. వచ్చిన సొమ్ములో సగం రోములో సెయింట్ పీటర్స్ గుడి కట్టడానికి పోయింది. మిగతా సగం మైన్జ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ పదవి కోసం ఫుగ్గర్ల దగ్గర చేసిన అప్పు తీర్చడానికి పోయింది. ఇక్కడికి వచ్చేసరికి పిల్లలకు లెక్క అర్థమవుతుంది. పదవి కోసం అప్పు, అప్పు కోసం వసూళ్లు అంటే మన పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత, ట్రెంట్ మహాసభ 1563లో ఈ వ్యాపారాన్ని తప్పుపట్టి ఆపమన్నదని, అంటే కేథలిక్ సభ తన తప్పును తానే దిద్దుకుందని చెప్పాను. లూథర్ కూడా బయటివాడేం కాదు, అగస్టీనియన్ సన్యాసి. ఆయన బైబిలు అనువాదానికి ఆధారమైన గ్రీకు ప్రతిని అచ్చు వేయించిన ఎరాస్మస్ చివరిదాకా కేథలిక్కుగానే ఉన్నాడు. ఇవన్నీ విన్నాక ఆ అమ్మాయి తల ఎత్తి కూర్చుంది.

1517 అక్టోబరు 31న లూథర్ తన 95 వాదాలను విటెన్‌బర్గ్ గుడి తలుపుకు మేకులతో కొట్టాడన్నది అందరికీ తెలిసిన కథే. అదే తేదీతో ఆర్చిబిషప్‌కు ఆయన రాసిన ఉత్తరం మనకు దొరుకుతోంది. తలుపు సంగతి మాత్రం ఆయన పోయాక మెలాంక్తన్ రాసిందే. ఆధారం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

భాష సంగతి చెప్పేటప్పుడు నేను పాలకుర్తికి వచ్చేవాణ్ని. సంస్కృతం మెండుగా ఉన్న కావ్యాలకు పేరొచ్చే కాలంలో మన సోమన ద్విపదలో, జానుతెనుగులో శివభక్తుల కథలు చెప్పాడు. లూథర్ వార్ట్‌బర్గ్ కోటలో దాక్కుని కొత్త నిబంధనను జర్మనులోకి తెచ్చాడు. అది 1522లో అచ్చయింది. ఇద్దరి మతాలు వేరు, కాలాలు వేరు. కానీ దేవుడి మాట ఇంటి భాషలో వినాలన్న పట్టుదల పిల్లలకు వెంటనే అందేది. ఇంకో విశేషం ఉంది. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746 ప్రాంతంలో వచ్చింది జర్మనీలోని హాలె నగరం నుంచి. వాటిని తయారుచేసిన బెంజమిన్ షుల్జ్ లూథరన్ మిషనరీ. మన అక్షరాలు మొదట సీసం పోసుకున్నది విటెన్‌బర్గ్‌కు అంత దూరం కాని ఊళ్లోనన్నమాట!

అయితే లూథర్‌ను మహాత్ముణ్ని చేసి వదిలేయడం నాకు నచ్చదు. 1525లో జర్మను రైతులు పన్నెండు కోరికలు అచ్చు వేసుకున్నారు. మా బోధకుణ్ని మేమే ఎన్నుకుంటాం, మమ్మల్ని సొంత ఆస్తిలా చూడొద్దు, అడవిలో కట్టెలు, వాగులో చేపలు మాకూ కావాలి అన్నారు. ఈ మాటలు బోర్డు మీద రాస్తే మన పిల్లలు ఒక్కసారిగా ముందుకు జరిగేవాళ్లు. వెట్టి కథలు తాతల నోట విన్న పిల్లలు, చాకలి ఐలమ్మ పేరు తెలిసిన పిల్లలు. "మరి లూథర్ సారు ఎవరి దిక్కు సార్?" అని అడిగేవాళ్లు. మొదట ఇద్దరికీ బుద్ధి చెప్పాడు, తర్వాత రైతులను నరికేయమని దొరలకు రాశాడు అని చెప్పాల్సి వచ్చేది. ఆ తిరుగుబాటులో లక్షమంది దాకా చనిపోయి ఉంటారని అంచనా. క్లాసు నిశ్శబ్దమైపోయేది. ఒకసారి లూథరన్ ఇంటి పిల్లవాడే లేచి, ఆయన మంచి పనిని మంచిదనీ చెడ్డ పనిని చెడ్డదనీ రాస్తే మార్కులు పోతాయా అని అడిగాడు. పోవు నాయనా, పోతే నేను వేస్తాను అన్నాను.

పిల్లలను బైబిళ్లు తెమ్మనేవాణ్ని. కేథలిక్ బైబిల్లో 73 పుస్తకాలు, రెండోదాంట్లో 66. తోబీతు, యూదితు, మక్కబీయులు ఎక్కడికి పోయాయో వాళ్లే వెతుక్కునేవాళ్లు. ఫాదరుకు పెళ్లి ఎందుకు లేదు, పాస్టరుకు ఎందుకు ఉంది అని ముస్లిం పిల్లలే ఎక్కువగా అడిగేవాళ్లు. సన్యాసిని కేథరీనాను లూథర్ పెళ్లాడిన కథ చెబితే ఆ రోజు ఇంటర్వెల్ ఆలస్యమయ్యేది.

ఇప్పుడు ఈ పాఠం చెబుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక విన్నపం. పాఠాన్ని జర్మనీలో ముగించకండి. డోర్నకల్ మన పక్కనే ఉంది. 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య అక్కడే పనిచేశాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో సభలో మిషనరీల ముందు నిలబడి, మాకు మీ త్యాగాలే కాదు, స్నేహం కూడా కావాలి అన్న అర్థం వచ్చేలా మాట్లాడిన మనిషి. అదీ సంస్కరణే. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు మినార్లు ఒక్కచోటే కనిపిస్తాయి. ఆయన 1945లో పోయాడు. ఐరోపాలో విడిపోయిన ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ.గా ఒక్కటయ్యారు. బాప్టిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు. ఎందుకు చేరలేదన్నది పిల్లలకు మంచి ప్రాజెక్టు పని. గుళ్లు ఒక్కటైనా, కొన్ని ఊళ్లలో మాలలకు, మాదిగలకు బెంచీలు ఇంకా ఎందుకు వేరుగా ఉన్నాయన్నది అంతకన్నా కష్టమైన ప్రశ్న. దాన్ని దాటవేయకండి, పిల్లలకు ఎలాగూ తెలుసు.

కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే డోర్నకల్ చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చు. టిఫిన్ డబ్బాలు కట్టించండి. ఏ మతం పిల్లలనూ వదలకుండా అందరినీ తీసుకెళ్లండి. ఖర్చు సంగతి ఇక్కడ కూర్చున్న పూర్వ విద్యార్థులు చూసుకుంటారని వాళ్లను అడగకుండానే మాట ఇస్తున్నాను.