వట్టి మనిషి కాని ఆమెకు ముందు చోటు

గర్భిణికి నడక కంటే కదలకుండా నిలబడటమే కష్టం. గర్భకాలంలో ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. హార్మోన్ల వల్ల రక్తనాళాలు వదులై, నడి నెలల్లో రక్తపోటు కొంత తగ్గుతుంది. నడిచేటప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. వరుసలో నిలబడినప్పుడు ఆ కదలిక ఉండదు కాబట్టి రక్తం కాళ్లలో నిలిచి, మెదడుకు చేరేది తగ్గి కళ్లు తిరుగుతాయి. విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రోజూ ఇంటిపని అంతా చేసుకునే మనిషి సైతం కౌంటరు ముందు సొమ్మసిల్లడానికి కారణం ఇదే.

రైల్వే స్లీపర్ బోగీల్లో కొన్ని కింది బెర్తులను వృద్ధులతో పాటు గర్భిణులకూ కేటాయిస్తోంది. సిటీ బస్సుల సంగతి వేరు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకంతో స్త్రీలకు బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. స్త్రీలకు కేటాయించిన సీట్లు స్త్రీలతోనే నిండినప్పుడు, గర్భిణి కోసం లేవాల్సింది మరో స్త్రీయే. అడిగే భారం నిలబడిన ఆమె మీద పెట్టకుండా కండక్టరే ఆ మాట అనడం మేలు.

విశాఖ పాతనగరంలోని స్త్రీల ఆసుపత్రి అయిన ఘోషాసుపత్రి వంటి చోట వరుసంతా గర్భిణులే. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. అలాంటి రోజున ముందు వచ్చినవారికి ముందు అనే లెక్క ప్రాణం మీదికి తేగలదు. రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆమెను టోకెన్ నంబరుతో నిమిత్తం లేకుండా వెంటనే లోపలికి పంపాలి.

అందరూ మరిచేది మొదటి మూడు నెలలు. కడుపు కనిపించదు, వేవిళ్లు మాత్రం తీవ్రంగా ఉంటాయి. జపాన్‌లో 2006 నుంచి ఇందుకోసం, గర్భిణి అని తెలిపే ఒక గుర్తు వాడుకలో ఉంది. ఇక్కడ మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయట చెప్పుకోని ఇళ్లు ఎన్నో. కాబట్టి కౌంటరు దగ్గర ఆమె మెల్లగా చెప్పిన మాటే చాలాలి. కాగితం అడగడం, నలుగురిలో గట్టిగా ప్రశ్నించడం తగదు. ముందుకు పంపే వీలు లేకపోతే కుర్చీ, మంచినీళ్లు ఇచ్చి, వంతు వచ్చినప్పుడు పిలవాలి. కూర్చున్నంత మాత్రాన ఆమె వంతు పోకూడదు.