నల్లమల అంచున ముగ్గురు

మాచర్ల నుంచి వెళ్లినా, దోర్నాల నుంచి వెళ్లినా పత్తి చేలు, మిరప తోటలు దాటగానే నల్లమల ఎదురవుతుంది. ఈ అంచు పల్లెల్లో రైతు కొన్నేళ్లపాటు రెండు భయాల మధ్య సేద్యం చేశాడు. అడవి నుంచి వచ్చిన నక్సలైట్లు ఇన్‌ఫార్మర్ అన్నారు, కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు కొరియర్ అన్నారు. దేశ అంతర్గత భద్రత మీద మాట్లాడేవారు మొదట తలచుకోవలసింది ఆ రైతునే.

ఆ చరిత్రలో మూడు వైపులా నిలిచిన ముగ్గురూ ఉమ్మడి గుంటూరు జిల్లావాళ్లే.

చదలవాడ ఉమేశ్‌చంద్ర 1991 బ్యాచ్ ఐపీఎస్. ముఠాకక్షల సీమలో ఎస్పీగా చేసి ‘కడప పులి’ అనిపించుకున్నారు. ఆ తర్వాత కరీంనగర్‌లో పనిచేశారు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్ కూడలిలో ఆయన కారు ఆగగానే నక్సలైట్ల పీపుల్స్‌వార్ దళం కాల్పులు జరిపింది. గన్‌మన్, డ్రైవర్ కూలిపోయారు. చేతిలో ఆయుధం లేకపోయినా ఆయన కారు దిగి కాల్చినవాళ్ల వెంటపడి ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ఆయన వయసు 33. ఆయన విగ్రహం ఇప్పటికీ ఆ కూడలిలోనే ఉంది.

అంతకు పదేళ్ల ముందు, 1989లో, ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్‌ను నిర్మించారు. చిన్న బృందాలు, అడవిలోనే శిక్షణ, పక్కా సమాచారం ఉంటేనే కదలిక. ఇదీ ఆయన పద్ధతి. 1993 జనవరి 27న హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలో నక్సలైట్లు ఆయన్నీ చంపేశారు. పద్ధతి మాత్రం నిలిచింది. 2008లో కేంద్రం అదే బాటలో సీఆర్‌పీఎఫ్‌లో కోబ్రా దళాలను ఏర్పాటు చేసింది.

రెండోవైపు నిలిచినవాడు పల్నాడులోని తుమృకోటకు చెందిన నక్సలైట్ నేత అక్కిరాజు హరగోపాల్, అందరికీ తెలిసిన పేరు రామకృష్ణ. 2004 అక్టోబరులో అడవి నుంచి బయటికొచ్చి, గుత్తికొండ బిలం దగ్గర సభలో మాట్లాడి, ప్రభుత్వంతో చర్చలకు హైదరాబాద్ వెళ్లారు. ఆ చర్చలకు దారి వేసినవారిలో విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌తో పాటు మూడో గుంటూరువాడు, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు ఉన్నారు. 1997 నుంచి వారి పౌర స్పందన వేదిక చేస్తున్న ప్రయత్నం ఫలించి, అక్టోబరు 15 నుంచి 18 వరకు ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి.

ఆయుధాల దగ్గర పీటముడి పడింది. ఆయుధాలతో ఊళ్లలోకి రావద్దని ప్రభుత్వం, వాటిని వదలబోమని అడవి పక్షం. రెండో విడత జరగనే లేదు. 2005 జనవరిలో అంతా తెగిపోయింది. ఏప్రిల్ 27న ఒంగోలులో ఎస్పీ మహేశ్‌చంద్ర లడ్డా కారు లక్ష్యంగా బాంబు పేల్చారు. ఆయన బతికారు, కానీ సామాన్యులు చనిపోయారు. రామకృష్ణ 2021లో అడవిలోనే జబ్బుతో కన్నుమూశారు.

చర్చలు వృథా అన్నవాళ్లున్నారు. ఆ మాట సరికాదు. ఆ బల్ల మీదికొచ్చిన భూమి ప్రశ్నే భూ సమస్యలపై కోనేరు రంగారావు కమిటీకి దారితీసింది, 2006లో దాని నివేదికా వచ్చింది. వ్యాస్ పద్ధతిని దేశం నేర్చుకుంది. పొత్తూరి, శంకరన్‌ల ఓపికను నేర్చుకోలేదు. గుంటూరు, ఒంగోలు కళాశాలల నుంచి సివిల్స్‌కు వెళ్లే పిల్లలు ఉమేశ్‌చంద్ర జీవితంతో పాటు 2004 చర్చల చరిత్రనూ చదవాలి. పోలీసు అకాడమీ ఆ రెంటినీ పాఠాలుగా చేర్చాలి.